రూతమ్మ సాక్ష్యం, నా ఆమెన్

మొన్న గురువారం నా నోరు చేసిన పని చెప్తాను, నవ్వుకోండి. నాకైతే ఇంకా నవ్వు రావడం లేదు. నాది పెద్ద గొంతు కాదని మీకు తెలుసు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా "ఏమంటివి?" అని రెండోసారి అడుగుతారు. అట్లాంటి నేను ఒకే ఒక్క మాట గట్టిగా అన్నాను. కొంప మునిగింది!

కోడుమూరు దగ్గర మా సంస్థ కుట్టు సెంటర్ చూసుకునేది నేనే. దానికొచ్చే సాయం ఈ ఏడాదితో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాలా, మూసేయాలా అని చూసిపోవడానికి బెంగళూరు నుంచి ఒక మేడమ్ వస్తారన్నారు. అందుకని ముందుగా కర్నూలులో మాకు ట్రైనింగ్. 'ఇంపాక్ట్ స్టోరీ' చెప్పడం ఎట్లాగని! నేర్పింది హైదరాబాదు పిల్ల.

"ఒక్క మనిషి గురించి చెప్పండి మేడమ్. ముందు ఎలా ఉండేది, మనం వచ్చాక ఎలా ఉంది. మూడే నిమిషాలు" అంది.

నేను మా అవ్వ కరువులో కడపకు నడిచిపోయిన కాడ మొదలుపెట్టాను. మూడు నిమిషాలయ్యేసరికి అవ్వ ఇంకా మైదుకూరు దాటలేదు.

"మీరొద్దులెండి మేడమ్, సాయం అందుకున్న వాళ్ళతోనే చెప్పించండి" అంది ఆ పిల్ల, నవ్వుతూనే.

ఊరికొచ్చి రూతమ్మను పిలిచాను. మొగుడు పోయాక మా దగ్గరే కుట్టు నేర్చుకుని, ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న మనిషి.

"ఆ మేడమ్ ముందర నీ కథ చెప్పల్ల రూతమ్మా" అన్నాను.

"ఏమక్కా, నేను కథలు చెప్పేదాని మాదిరి కనిపిస్తాండానా?" అని మూతి ముడుచుకుంది.

మన పక్క కథలు చెప్పడమంటే అబద్ధాలాడడమే కదా! నాలుక కరుచుకుని నా తెలివి వాడాను. "అట్ల కాదులేమ్మా, ఆదివారం చర్చిలో లేచి నీ బతుకులో జరిగిందంతా సాక్ష్యం చెప్తావే, అట్లనే చెప్పు."

"ఓ, సాక్ష్యమా! శానా బాగా చెప్తాను పో!"

గురువారం మేడమ్ వచ్చారు. రూతమ్మ కొంగు తలమీద కప్పుకుని లేచింది. మొగుడు పోయింది, పస్తులున్నది, పిల్లలతో బావి గట్టు దాకా పోయి వెనక్కి వచ్చింది, అన్నీ చెప్పింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అప్పుడు మిమ్మల్ని ఆదుకుందెవరమ్మా?"

మా సంస్థ పేరు రావాల్సింది సరిగ్గా అక్కడే!

రూతమ్మ చెయ్యి పైకెత్తింది. "దేవుడే మేడమ్! మనుషులెవురూ నాకేమీ చేయలేదు!"

"మరి ఈ సెంటర్?"

"ఈ అక్కోళ్ళదేముండాది మేడమ్? మహిమంతా ఆయనకే!"

సాక్ష్యంలో మనుషులకు మహిమ ఇవ్వకూడదని చిన్నప్పుడు సండే స్కూల్లో రూతమ్మకు నేర్పింది నేనే. ఇంకెవరిని అనను?

'కుట్టుమిషను నేర్పింది మేమే మేడమ్' అందామని లేచాను. నోరు తెరిచాను. ముప్పై ఏళ్ళ అలవాటు, ఏం చేస్తాను? "ఆమెన్!" అని వచ్చింది. నా జన్మలో అంత గట్టిగా ఏదీ అనలేదు. వెనకాల మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. బటన్లు కుడుతున్న షరీఫాబీ కూడా "ఆమీన్" అనేసింది.

మేడమ్ పుస్తకం మూసి, మర్యాదగానే అన్నారు. "ఆయనే చూసుకుంటున్నాడు కదండీ, ఇంక మేమెందుకు?"

కారు పోయాక రూతమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "బాగా చెప్పినానా అక్కా?"

"శానా బాగా చెప్పినావమ్మా" అన్నాను. ఏమనేది?

బెంగళూరు నుంచి జవాబు ఇంకా రాలేదు. సెంటర్ నిలబెట్టమని రోజూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ప్రార్థన అయితే బాగానే సాగుతుంది. చివర ఆమెన్ అనాలంటేనే భయంగా ఉంది.