వేడి ప్లగ్గు, చలవ ప్లగ్గు, మా బావగారి భయం

నిన్న పొద్దున్న మేనకోడలు ఫోన్ చేసి "మామయ్యా" అని ఆగిపోయింది.

మిగతాది వినకుండానే, చెప్పులైనా లేకుండా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. పాలాయన "ఏంటండీ, ఏం కావాలండీ?" అన్నాడు.



మా అక్క భర్త, రాజమండ్రిలో పచారీ కొట్టు నడిపిన వెంకటరత్నం బావగారు ఇక లేరు.

ఫ్యామిలీ గ్రూపులో అందరూ "ధైర్యశాలి" అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఆ రోజుల్లో బొమ్మ విమానాలు ఎగరేసిన మనిషి కదా, అలాగే అనుకుంటారు.

క్షమించాలి. ఆయనంత భయస్థుణ్ణి నేను చూడలేదు. పక్కనుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మాట. కలకత్తా నుంచి పార్సిల్లో చిన్న ఇంజన్ తెప్పించి, విమానం ఇంట్లోనే చేశారు. దానికి రెండు సన్నటి ఉక్కు తీగలు, తీగల చివర హ్యాండిల్. అది పట్టుకుని ఆయన మధ్యలో తిరుగుతుంటే, విమానం రొద చేస్తూ చుట్టూ తిరిగేది.

ఇంధనం స్పిరిట్టు, ఆముదం. ఆముదం సొంత కొట్టుదే. ఆ పొగ వాసనకి చూడ్డానికొచ్చిన పిల్లలు సగం మంది పారిపోయేవారు, కడుపు శుభ్రమవ్వాలని ఎవరో పట్టుకుని గొంతులో పోసేస్తారని. మా తరం వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

సరే, దారి తప్పాను. అసలు సంగతి ప్లగ్గు.

గ్లో ప్లగ్ అంటే వేలి కొసంత ఉంటుంది. లోపల వెంట్రుకలాంటి తీగ చుట్ట. బ్యాటరీ తగిలిస్తే ఎర్రగా కాలి ఇంధనాన్ని అంటిస్తుంది. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. అక్కణ్ణుంచి ఆ తీగ తన వేడితో తనే వెలుగుతూ ఉండాలి. ఆరిందా, విమానం గాల్లోనే ఆగిపోతుంది.

అందులో హాట్, కోల్డ్ అని రకాలు. నాది వానాకాలం చదువు, ఆయనది కొట్లో చదువు. ఇద్దరం కలిసి వేడి ప్లగ్గు, చలవ ప్లగ్గు అని పేర్లు పెట్టుకున్నాం.

కొంప అక్కడే మునిగింది.

"మే నెలయ్యా. ఇంజన్‌కి వేడి చెయ్యదూ? చలవ ప్లగ్గే వెయ్యాలి" అన్నారు బావగారు.

"కాసిని సబ్జా గింజలు కూడా వేద్దామాండీ?" అన్నాను.

"వెధవ వేషాలు మాని విమానం తోక పట్టుకో."

ధవళేశ్వరం దగ్గర ఇసుక మేట మీద ఎగరేశాం. మా అక్క దూరంగా గొడుగేసుకుని కూర్చుంది. మూడో చుట్టులోనో నాలుగో చుట్టులోనో ఇంజన్ దగ్గింది. ఆగింది.

తీగలు వదులైపోయాయి. ఎదురుగాలికి విమానం తిన్నగా ఆయన మొహం మీదకి వచ్చింది.

ఆయన హ్యాండిల్ వదిలేసి ఇసుకలో బోర్లా పడ్డారు. విమానం ఆయన్ని దాటుకుని వెళ్ళి అక్క గొడుగు చీల్చుకుని ఆగింది.

అక్కకి గీత కూడా పడలేదు. కానీ ఇంటికెళ్ళేదాకా బావగారి పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ ఎండలో!

తర్వాత పెరట్లో ఇంజన్ని బల్లకి బిగించి రెండు ప్లగ్గులూ మార్చి మార్చి చూస్తే తెలిసింది. కోల్డ్ అంటే చలవ చేసేది కాదు, త్వరగా చల్లారిపోయేది. మా సాదా ఇంధనానికి దాన్ని వెలిగించి ఉంచే సత్తా లేదు.

వేడి ప్లగ్గు వేస్తే ఆగదు. కానీ స్టార్టింగులో తొందరపడి ముందే అంటుకుని, మా ఇంజన్లో ప్రొపెల్లర్ని వెనక్కి తన్నేది. దాన్ని వేలితో తిప్పే స్టార్ట్ చెయ్యాలి, ఆ వేలు ఉంటుందో పోతుందో.

అంటే భయం నేల మీద కావాలా, గాల్లో కావాలా అన్నదే లెక్క.

ఆ ఏడే మా పేట స్కూల్లో వార్షికోత్సవం. విమానం చూపించమని హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి అడిగారు. బావగారు మొహమాటానికి ఒప్పుకున్నారు. తీరా వెళ్తే గ్రౌండు చుట్టూ పిల్లలు, ముందు వరసలో ఒకటో తరగతి వాళ్ళు.

బావగారు నీళ్ళడిగారు. తాగకుండానే గ్లాసు నా చేతికిచ్చేశారు.

జేబులోంచి వేడి ప్లగ్గు తీశారు.

"వేళ్ళు పోతాయండీ బావగారూ" అన్నాను.

"పోతే నావి పోతాయి. తలకాయలు వాళ్ళవిరా."

తర్వాత తువ్వాలు చింపి, హ్యాండిల్‌ని తన మణికట్టుకి ముడేయమన్నారు.

"ఇదెందుకండీ?"

"మొన్న వదిలేశాను కదా. నా భయం మీద నాకు నమ్మకం లేదు. గట్టిగా కట్టు."

ప్రొపెల్లర్ తిప్పారు. తన్నింది. చూపుడువేలు చీరుకుపోయి పంచె మీద రక్తం పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వేలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ తిప్పుతున్నారు.

అందుకుంది.

ఆయన మధ్యలోకి నడిచి తలూపారు, నేను తోక వదిలాను. పిల్లలు అరుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. నేను విమానం చూడలేదు, ఆయన మొహమే చూశాను. మనిషి తెల్లగా పాలిపోయి, పెదాలు ఆడుతున్నాయి. ఇంజన్ ఒక్కసారి దగ్గితే చాలు, మేమిద్దరం అక్కడే పోయేవాళ్ళం.

దగ్గలేదు. ఇంధనం అయ్యేదాకా తిరిగి, గడ్డి మీద మెల్లగా దిగింది.

ముడి విప్పాను. అయినా హ్యాండిల్ రాలేదు, పిడికిలి విడిపోదే! పిల్లల వెనక నిలబడి చూస్తున్న అక్క వచ్చి ఒక్కో వేలూ విప్పింది.

"భయంతో చచ్చిపోయానండీ" అంది.

"నేను నీకంటే ముందే పోయానే" అన్నారు.

అందుకే ధైర్యశాలి అంటే నాకు చిన్నతనంగా ఉంది. ధైర్యం ఉన్నవాడు ఏ ప్లగ్గయినా వేస్తాడు. ఈయన వణుకుతూ, ఎవరికీ తగలని భయాన్ని ఏరుకుని తన చేతికి కట్టుకున్నారు.

నిన్నటి నుంచి అక్క పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు చాలా భయంగా ఉంది బావగారూ.

అయినా అక్క చెయ్యి వదల్లేదు.

వెళ్ళి రండి. ఒళ్ళు వణకని చోట, హాయిగా విశ్రాంతి తీసుకోండి.