రేకుల షెడ్డులో జీవన ఎరువు

మొన్న మా కోడలు కుండీల్లో వేయడానికి జీవన ఎరువు పొట్లం తెస్తే, అది చించి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి, ఇందులో అసలు ప్రాణముందా అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది గానీ, ఈ అనుమానం నాకు తొంభైలలో భిలాయి ఖుర్సీపార్‌లోని ఒక రేకుల షెడ్డులో పట్టుకున్నది.

అప్పటికి నేను సూక్ష్మజీవుల చదువు ముగించి భిలాయి తిరిగొచ్చాను. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం గడువుకు ముందే వదులుకున్న మా బాబాయి, ఆయనతో ఒకే షిఫ్టులో చేసిన స్నేహితుడు, వరస లేకపోయినా నాకు మావయ్యే, ఇద్దరూ కలిసి సోయా రైతులకు జీవన ఎరువు తయారుచేద్దామని బయలుదేరారు. నేను గాజు కుప్పెలో పెంచిన సూక్ష్మజీవులను పెద్ద ట్యాంకులో పెంచి, బొగ్గుపొడిలో కలిపి, పొట్లాలుగా అంగడికి చేర్చాలి. కుప్పెలో పెరిగాయి, ట్యాంకులోనూ పెరిగాయి. రైతుల దగ్గరకు చేరేసరికి మాత్రం చచ్చిపోయేవి. ఒక రైతు తన చేలో సోయా మొక్కను వేళ్లతో సహా పెకలించి తెచ్చి, ఎరువు పనిచేస్తే కట్టాల్సిన బుడిపెల్లో ఒక్కటి కూడా కట్టని ఆ వేళ్లను మా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి బొగ్గుపొడి తెచ్చే మావయ్య మీద బాబాయికి అనుమానం, ట్యాంకు చూసే బాబాయి మీద మావయ్యకు అనుమానం, నేను మంచినీళ్లకు లేచినా ఇద్దరి కళ్లూ నా చేతుల మీదే. పిన్ని ఊరుకోలేక నా చెవిలో వేసింది: "సాయంత్రం ఎల్లేటప్పుడు మీ మావయ్య సంచీ బరువుగానే ఉంటాది, నువ్వు సూడనేదా?" చూశాను. మా సరుకు ఇంకెవరికో చేరవేస్తున్నాడనే అనుకున్నాను.

ఒక ఆదివారం, మావయ్య చర్చి నుంచి వచ్చే వేళకు క్యాంప్ 2లోని ఆయన ఇంటికి వెళ్లాను. వంటగది మూల, తడి గోనె కప్పిన కుండలో మా పొట్లాలే ఉన్నాయి. ఆయన దాచలేదు.

"నానే తెచ్చానమ్మా. మీ బాబాయి ట్యాంకులో ఏటి కలుపుతన్నాడో రేపు ఎవరైనా అడిగితే, నా కాడ సాక్ష్యం ఉండొద్దా?" అన్నాడు.

వాటిని పరీక్షిస్తే అన్నీ బతికే ఉన్నాయి. వాటితో పాటే తయారై, షెడ్డు అటక మీద, వేసవి ఎండకు కాలే రేకుల కింద పేర్చినవి మాత్రం చచ్చాయి. ఎవరూ ఏమీ కలపలేదు, ఎవరూ ఏమీ అమ్ముకోలేదు, ఎండ చంపింది. ఆ మాట విన్నాక ఇద్దరూ అటక ఖాళీ చేశారు. తరువాత చల్లని గది కట్టారు, ఎరువు పనిచేసింది, రైతులు తిరిగొచ్చారు. అయితే ఆ గది తలుపుకు ఇద్దరూ చెరో తాళం పెట్టుకున్నారు. అంతకుముందు ఒకే క్యారియర్‌లో అన్నం తిన్న మనుషులు.

ఈ కాలం పిల్లలు ఇటువంటి కంపెనీ పెడితే మొదటి రోజే ఒప్పందాలు రాసుకుని, గోడకు కెమెరాలు బిగించుకుంటారట, అందులో నొచ్చుకునేదేమీ లేదట. మంచిదేనేమో. మా వాళ్లకు మాత్రం నొచ్చుకోకుండా ఉండడం చేతకాలేదు. రోజూ సాయంత్రం ఇద్దరూ చెరోవైపు తిరిగి నిలబడి, ఆ రెండు తాళాలూ నా చేతే వేయించేవారు.