ముందు కౌంటరు, వెనక కౌంటరు

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, ఒక మార్చి నెలలో, నన్ను తెల్లవాళ్ళూ మనవాళ్ళూ ఎక్కువగా ఉండే షామ్‌బర్గ్ అనే శివారు బ్రాంచి నుంచి షికాగో దక్షిణాన ఉన్న స్టోరుకి ఫార్మసిస్టు-ఇన్‌చార్జిగా మార్చారు. మందుల కౌంటరుకి అధికారం నాది, మిగతా అంతా స్టోర్ మేనేజరుది. మా ఇద్దరిపైన డిస్ట్రిక్ట్ మేనేజరు నిఖిల్. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. షామ్‌బర్గ్‌లో ఉండే వాళ్ళమ్మ నా స్నేహితురాలు కాబట్టి నన్ను ఆంటీ అనేవాడు.

అమెరికా మందుల షాపులో మందులు చిట్టచివర ఉంటాయి. మా స్టోర్లో సిగరెట్లు గుమ్మంలోనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మావాళ్ళు రెండింటికీ చెరో కౌంటరు పెట్టారు.

ఏ సరుకు ఏ అరలో, ఏ పోస్టరు ఏ గోడకో హెడ్డాఫీసు గీసి పంపే పటాన్ని ప్లానోగ్రామ్ అంటారు. షామ్‌బర్గ్ పటంలో మెంథాల్ సిగరెట్లు కింది అరలో అణిగిమణిగి ఉండేవి. నల్లజాతివాళ్ళుండే ఈ పేటలో అవే సిగరెట్లకు కంటి ఎత్తున అర, నిలువెత్తు పోస్టరు, రెండు కొంటే తగ్గింపు. ఈ పేట మీద కంపెనీకి అంత ప్రేమ.

మిస్ డోరతీ అనే డెబ్బయ్యేళ్ళావిడ ప్రతి నెలా ఇన్‌హేలర్ కోసం వచ్చేవారు. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడేవారు. ముందు కౌంటర్లో కొన్న మెంథాల్ పెట్టె చూపించి, ఇది చల్లనిది, గొంతుకి హాయి అనేవారు. నేను తలూపేదాన్ని. బామ్ వాసన వచ్చేదంతా మందేననుకునే ఇంట్లో పెరిగాను మరి. ఆ చల్లదనం పొగ ఘాటును కప్పిపెట్టి ఇంకా లోతుకు పీల్చేలా చేస్తుందని డిగ్రీలో చదివీ, ఆర్నెల్లు తలూపాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెప్టెంబరులో, పాట మధ్యలో ఊపిరందక కూలబడ్డానని చెప్పారావిడ. అప్పుడు అసలు సంగతి చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తలూపావు, డాక్?" అని మాత్రం అడిగారు.

మానేస్తానన్నారు. కానీ మందుకు రావాలంటే ఆ పోస్టరు ముందు నుంచే రావాలి. నేను దాన్ని ఊడదీసి, చుట్టి, స్టాక్‌రూములో పడేశాను.

వారం తిరక్కుండా సిగరెట్ కంపెనీ మనిషి వచ్చి ఖాళీ గోడను ఫోటో తీసుకుపోయాడు. పోస్టరు ఉందో లేదో చూడటానికి వాళ్ళకో మనిషి ఉన్నాడు. పేషెంటు ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారో లేదో చూడటానికి ఎవరూ ఎన్నడూ రాలేదు.

నిఖిల్ స్వయంగా వచ్చి, చాలా బాధపడుతూ, ప్లానోగ్రామ్ ఉల్లంఘించినందుకు వార్నింగ్ లెటరు చేతికిచ్చాడు. షామ్‌బర్గ్‌లో ఈ పోస్టరు ఎందుకు లేదని అడిగాను.

"అక్కడ పెడితే కంప్లైంట్స్ వస్తాయి ఆంటీ. మా మమ్మీయే ఫస్ట్ కాల్ చేస్తుంది."

ఆ మాట మిస్ డోరతీకి చేరవేశాను. చర్చిలో పాడేవాళ్ళంతా వంతులేసుకుని హెడ్డాఫీసుకి ఫోన్లు చేశారు. పది రోజులకు కొత్త పటం వచ్చింది. పోస్టరును ఎడమకు రెండడుగులు జరిపారు.

మిస్ డోరతీ సిగరెట్ మానేశారు. పాడేందుకు కావలసిన ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. నేను నేర్చుకున్నది ఇంతే: ఫిర్యాదులో నిజమెంతో హెడ్డాఫీసు చూడదు. ఏ జిప్‌కోడ్ నుంచి వచ్చిందో చూస్తుంది.