బీరుకు కప్పిన దుప్పటి

రిటైరయ్యాక మోరిస్‌విల్‌లోని మా ఇంట్లో తొలిసారి బీరు తయారుచేయడానికి పూనుకున్నాను. “ఆవకాయ పెట్టినంత ఈజీ కాదు సార్, మీ వల్ల కాదు” అని పక్కింటి డాక్టర్ మూర్తిగారు నవ్వారు. మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చి నోరు మూయించాలని పంతం పట్టాను.

బీరు పులిసేటప్పుడు అరవై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉండాలి. వేడెక్కితే రుచి మారిపోయి పళ్ల వాసన వస్తుంది. అందుకే బీరు పోసిన బకెట్‌ను చల్లని గ్యారేజీలో ఉంచి, పూటపూటా ఉష్ణోగ్రత రాసుకుంటూ వచ్చాను.

ఒకనాడు టీ తాగుతుండగా లాండ్రీ గదిలో ఏదో ఫట్‌మని పేలింది. పరుగెత్తి చూద్దును కదా, సీలింగు నుంచి నురగ కారుతోంది. మూత ఎగిరిపోయిన నా బకెట్ హీటర్ పక్కన, ఊలు దుప్పటి చుట్టుకుని, ఇడ్లీ పిండి గిన్నె సరసన కూర్చుని ఉంది!

“ఎవరు చేశారీ పని?” అని గర్జించాను.

“నేనేనండీ. ముట్టుకుంటే ఐసులా ఉంది, అలా ఉంటే ఏం పులుస్తుంది? చలికాలం పిండికి చేసేదే దీనికీ చేశాను” అంది మా ఆవిడ, ఎంతో దయగా.

పారబోయడానికి మనసొప్పక, మిగిలినదాన్ని సీసాల్లో నింపాను. కొన్ని వారాల తర్వాత మూర్తిగారు ఒక గుక్క తాగారు. నా పరువు ఆ గ్లాసులోనే ఉంది.

“అరటిపండు వాసన భలే ఉంది! ఎలా తెప్పించారు సార్?”

“దుప్పటి కప్పాలి అన్నయ్యగారూ” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

శాస్త్రానికి ఇంతకన్నా అవమానం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా మూర్తిగారు మళ్లీ అదే బీరు కావాలన్నారు కనుక, నా రికార్డులో ఉష్ణోగ్రత పక్కన దుప్పటికి కూడా ఒక గడి గీశాను.