మూడో గుంట చెక్ ట్రే

దయ్యాలంటే నాకు నవ్వు. ఎవరికి జ్వరమొచ్చినా మా అత్త తాయెత్తు కట్టేది. "ముందు మీ కొడుకు తలకు హెల్మెట్ కట్టండి అత్తా" అని ఎగతాళి చేసేదాన్ని. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

మాది కోట దగ్గర. రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాం. మా ఆయన మస్తాన్ బైకు మీద నెల్లూరు వెళ్తుంటే మనుబోలు దగ్గర లారీ గుద్దింది. హెల్మెట్ బైకు అద్దానికి తగిలించుకుని బయల్దేరాడు మహానుభావుడు. దానికి గీత కూడా పడలేదు. ఆయన తలలో రక్తం గడ్డకట్టింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. "ప్రాణానికి భయం లేదమ్మా. మెదడుకు గట్టి దెబ్బ. లేచాక మిమ్మల్ని గుర్తుపడతారో లేదో చెప్పలేను."

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం, కళ్లు తెరవని మనిషి ఎడమ చెయ్యి కదిలింది. పిడికిలి బిగించి, వదిలి, మళ్లీ బిగించి ఏదో లాగుతున్నాడు. "అట్టా కదులుతుంటాయిలే అక్కా" అంది నర్సు. ఆ లాగుడు నాకు తెలుసు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించిన చెక్ ట్రేను తాడుతో అలాగే పైకి లాగుతాడు. ఆయనది ఎడమచేతి వాటం.

మనసాగక మరిది రఫీకి ఫోన్ చేశాను. ఇంట్లో అన్నం తింటున్నాడు. గుంటల దగ్గరికి పొమ్మన్నాను.

కాసేపటికి రొప్పుతూ వాడే చేశాడు. "వదినా, మూడో గుంటలో ఏరేటర్ ఆగిపోయుండాది. గాలాడక రొయ్యలన్నీ పైకొచ్చినాయి. ఇప్పుడే ఆన్ చేసినా. ఈ ట్రే ఎవురు ఎత్తినారు? గట్టు మీద బోర్లించి, పైన రాయి పెట్టుండాది. తాడింకా తడిగానే ఉండాది."

కాపలా మనిషి ఆ రోజు రానేలేదు. మేత తినని గుంట ట్రేను అలా బోర్లించి రాయి పెట్టేది మా ఆయన ఒక్కడే. ఇక మేత వేయొద్దని తమ్ముడికి అది గుర్తు.

కొన్నాళ్లకు ఆయన కళ్లు తెరిచాడు. నావైపు చాలాసేపు చూశాడు.

"షమీమ్, మూడో గుంట రొయ్యలు బతికినాయా?"

వార్డంతా అదిరేలా కేకపెట్టి ఏడ్చాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను. ఆ సంగతి మాలో ఎవరూ ఆయన దగ్గర ఎత్తలేదని తర్వాతెప్పుడో తట్టింది.

ఆ పంట చేతికొచ్చింది. ఇప్పుడు గట్టు మీదికి వెళ్లాలన్నా హెల్మెట్ పెట్టించి పంపుతున్నాను. ట్రే ఎవరెత్తారో ఈ రోజుకీ తేలలేదు. ఆయన్ని అడిగితే ఏమీ గుర్తులేదంటాడు.

నా పేరు గుర్తుంది. చాలు.