అక్కయ్య తుడిచిన రింగులు

మేస్త్రి షెడ్డుకూ అక్కయ్య వంటింటికీ మధ్య ఒకే తలుపు. గొడవంతా ఆ తలుపుతోనే. షెడ్డు వైపు గడియ బిగించడానికి మేస్త్రి ఒకసారి వడ్రంగిని పిలిపిస్తే, "మరి మా తమ్ముడికి మంచినీళ్లు నువ్వు తెచ్చిస్తావా?" అని అక్కయ్య వాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది.

ముప్పై నాలుగేళ్లుగా మేస్త్రి ఇంజన్లు విప్పి కడుతున్నాడు. ఇన్నేళ్లలో ఏ సామాను మీదా ఒక గుర్తు పెట్టలేదు, ఏ కాగితం మీదా ఒక అంకె రాయలేదు. ఆయనకు బల్లే లెక్క. ఎడమ నుంచి కుడికి ఏది ఎక్కడ పెడితే అది అక్కడిది. అక్కయ్య ఆసుపత్రి స్టోరులో ముప్పై ఏళ్లు కత్తెర్లూ సూదులూ కడిగి, ఒకే రకానివన్నీ ఒక చోట సర్ది రిటైరైన మనిషి. ఈ ఇద్దరినీ ఒకే కప్పు కింద పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, కనబడితే నిలదీయాల్సిందే.

ఆ శనివారం షెడ్డులో ఉన్నది బడిపిల్లల వ్యాను ఇంజను. సోమవారం పొద్దున వ్యాను రాకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తామని బడివాళ్లు డ్రైవరుకు తేల్చి చెప్పారు. అతను మంగళవారం నుంచి షెడ్డు మూలన డబ్బా మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

పిస్టను చుట్టూ తొడిగే రింగు పూర్తి చక్రం కాదు. ఒక చోట తెగి ఉంటుంది. ఆ రెండు కొసల మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. వేడికి రింగు సాగుతుంది కాబట్టి, సందు చాలకపోతే కొసలు ఢీకొని, పిస్టను ఆడే గొట్టాన్ని, అంటే బోరును, గీరేస్తాయి. ఎక్కువైతే ఇంజను పొగ కక్కుతుంది. ఈ ఇంజనుకు కావలసింది మిల్లీమీటరులో ముప్పై అయిదు నూరోవంతులు. లేతు షాపువాడు నాలుగు బోర్లూ ఒకేలా కోశానని ఒట్టేస్తాడు గాని, ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే ఏ బోరు రింగును ఆ బోరులోనే దింపి, పిస్టనుతో సమంగా నెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూసి, బయటికి తీసి, ఆకురాయితో రెండు రాపులు రాసి, మళ్లీ దింపాలి. మేస్త్రి పొద్దుటి నుంచీ చేసింది ఇదే. ఒక్కో బోరుకు మెరిసేదొకటి, నల్లదొకటి, మొత్తం ఎనిమిది. నాలుగు జతలుగా బల్ల మీద పరిచి భోజనానికి వెళ్లాడు. డ్రైవరు కూడా టీ తాగడానికి వీధిలోకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. మెరిసే రింగులు నాలుగూ ఒక మేకుకు, నల్ల రింగులు నాలుగూ ఇంకో మేకుకు వేలాడుతున్నాయి.

"అక్కా!"

"అరవకు, చెవులు బాగానే ఉన్నాయి. నూనె కారుతోందని తుడిచా. ఇప్పుడు చూడు, కళ్లకు ఎంత హాయిగా ఉందో."

"ఏది ఏ బోరుదో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"రాసి పెట్టుకోవాలి. మా స్టోరులో దూదికి కూడా చీటీ ఉండేది."

"ఇది ఆసుపత్రి కాదు!"

"కాదు కాబట్టే నీ ఉద్యోగం ఇంకా ఉంది."

డ్రైవరు మధ్యలో దూరాడు. "మేస్త్రీ, అన్నీ మీ చేత్తో రాసినవే కదా. ఏదో ఒకటి వేసేయండి. అంత చిన్న తేడా ఎవరు చూడొచ్చారు?"

"ఇంజను చూస్తుంది. నువ్వు కూర్చో."

"కూర్చునే ఉన్నానండీ, మంగళవారం నుంచి."

మళ్లీ మొదలు. ప్రతి రింగూ ప్రతి బోరులోనూ దింపి చూడాలి. అక్కయ్య గుమ్మంలో నిలబడి, "అది కాదేమో, పక్కది చూడు" అంటూ ఒక్కోదానికీ సలహా ఇచ్చింది. మేస్త్రి పళ్లు నూరుకుంటూ నల్ల రింగులు నాలుగింటికీ చోటు దొరకబుచ్చుకున్నాడు. మెరిసేవాటిలో మూడు కుదిరాయి. నాలుగోది ఎక్కడా కుదరలేదు. ఏ బోరులో దింపినా సందు అరవైకి పైమాటే.

"దేంతో తుడిచావు? గరుకు కాగితంతోనా?"

"పాత బనియనుతో. నీదే."

మేస్త్రి ఫీలర్ గేజ్ విప్పి, ముప్పై అయిదు రేకును వెలుతురుకు పట్టాడు. పక్కనున్న ముప్పై రేకును దానికి ఆనించి నొక్కేసరికి, నూనెకు రెండూ ఒకే రేకులా అంటుకుపోయాయి. పొద్దున ఆ రింగుకు రెండు రేకులూ కలిపి కొలిచాడన్నమాట. రెండూ దూరేదాకా రాసిపారేశాడు. రాసిన ఇనుము తిరిగి రాదు. ఆయన గేజ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విషయం అర్థమైన డ్రైవరు ఊరుకోవచ్చు కదా. "అయితే పెద్దమ్మ ఇవి కలిపేయకపోతే, ఆ రింగు అలాగే బిగించేసేవారన్నమాట. సోమవారం పిల్లలతో పాటు పొగ కూడా ఎక్కించుకునేవాణ్ణి."

"ఏమన్నాడు?" అంది అక్కయ్య. "ఇంకోసారి చెప్పమను."

"కొత్త రింగు కావాలన్నాడు," అన్నాడు మేస్త్రి.

నాలుగున్నరైంది. విడిభాగాల దుకాణం అయిదింటికి మూస్తారు, ఆదివారం తీయరు. మేస్త్రి ఫోను చేసి ఒక్క రింగు కావాలంటే, "ఒక కాలి చెప్పు అమ్ముతారా మేస్త్రీ? సెట్టంతా కొనాల్సిందే," అన్నాడు దుకాణదారు. డ్రైవరు పాడైన రింగును జేబులో వేసుకుని పరుగెత్తాడు. సగం దించిన షట్టరు కింద వంగి దూరి, కొత్త సెట్టు పట్టుకొచ్చాడు. మేస్త్రి ఆ సెట్టులోంచి ఒక్క రింగు తీసి, గేజ్ రేకులు ఒక్కోటీ తుడిచి, విడదీసి, మళ్లీ తుడిచి, రాసి, కొలిచి, చీకటి పడకముందే నాలుగు పిస్టన్లూ బోర్లలోకి దించేశాడు. అప్పటిదాకా అక్కయ్యను బల్ల దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఆవిడ రావాలనీ అనుకోలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, అంతే.

ఆదివారమంతా ఇంజను వ్యానులోకి ఎక్కించడం, బిగింపులు. అక్కాతమ్ముళ్ల మధ్య "అన్నం పెట్టా" తప్ప ఇంకో మాట లేదు.

సోమవారం ఆరున్నరకు ఇంజను అందుకుంది. మేస్త్రి పొగగొట్టం వెనక చతికిలబడి అరచెయ్యి అడ్డుపెట్టాడు. ఆవిరికి చెయ్యి తడిసింది గాని నల్లబడలేదు. "కొత్త రింగులు కుదురుకోవాలి. వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగా తోలు. నలభై స్పీడు దాటావో, మళ్లీ నా గుమ్మం తొక్కకు," అన్నాడు. డ్రైవరు గడియారం చూసుకుంటూ అన్నింటికీ తలూపి, బండెక్కి వెళ్లిపోయాడు.

"మెచ్చుకోలుగా ఒక్క మాటైనా అనలేదు చూడు," అంది అక్కయ్య.

మేస్త్రి వినడం లేదు. వీధి మలుపు దగ్గర వ్యాను రెండో గేరులో గొంతు చించుకుని అరుస్తోంది. "వీడి దుంప తెగ," అంటూ ఆయన తడి చేత్తోనే రోడ్డు మీదికి పరుగెత్తాడు.