మూసీ ఊపిరి

శ్రీకాకుళం నుంచి వెళ్లి సూర్యాపేట దగ్గర మూసీలో ఆక్సిజన్ సెన్సర్ దింపాను. పగలు నాచు వదిలే ఆక్సిజన్, రాత్రి నది వాడుకునే ఆక్సిజన్ చూసి నది ఎంత బతికుందో చెప్పడం నా ఉద్యోగం.

ఒడ్డున గొర్రెల కాపరి మల్లయ్య, మోపెడ్ మీద తెచ్చిన డబ్బా నీళ్లు తొట్టిలో పోస్తున్నాడు. నది నీళ్లు తాగి నాలుగు గొర్రెపిల్లలు చచ్చాయట.

"ఏమంటున్నది సారూ నీ మిషిని?"

"ఊపిరుంది, తక్కువగా."

"మరి దవాఖాన్ల ఎప్పుడేస్తరు?"

"ముందు రిపోర్టు రాస్తాం."

"పోయేముందు మా నాయనకు గూడ రాసిండ్రు. మంచిగనే రాసిండ్రు."

అని ఒక గ్లాసు నింపి నా చేతికిచ్చాడు. గొర్రెలకు పొయ్యమన్నాను.

"దూరం నుంచొచ్చినవ్. ముందుగాల నువ్వు తాగు."

తాగాను. తొట్టి నిండకముందే డబ్బా ఖాళీ అయింది. నదిని పరిశోధించడానికి అంత దూరం వెళ్లి నేను సాధించింది, ఒక గొర్రెపిల్ల వాటా నీళ్లు తాగేయడం.